బయన్నది సెటిల్ అయింది

వనపర్తి,
నవంబరు మూడు.

నాయినా,

నువ్వు బాగానే ఉన్నావని అమ్మ ఫోన్లో చెప్పింది కాబట్టి ఆ సంగతి అడగను. ఉత్తరం చూసి, ఈ కాలంలో ఇదేం కొత్త వేషమని నవ్వుకుంటావేమో. ఫోన్లో నేను ఈ ముచ్చట ఎత్తగానే "ఆఁ, సరే సరే, సిగ్నల్ లేదు బిడ్డా" అని పెట్టేస్తున్నావు. కాగితానికి సిగ్నల్‌తో పని లేదు. దీన్ని నువ్వు మడిచి జేబులో పెట్టుకున్నా, చించి పొయ్యిలో వేసినా, ముందు ఒకసారి చదువుతావు. నాకు అంతే కావాలి.

మొన్న ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు పాఠం చెబుతున్నాను. అందులో ఒక పిట్ట వచ్చి కొమ్మ మీద సెటిల్ అవుతుంది. ఈ మాట తెలుసా అని అడిగితే క్లాసు క్లాసంతా చేతులెత్తింది. ఏ ఇంగ్లీషు మాటకూ అలా చేతులు లేవవు. "మా అన్న హైదరాబాద్‌ల సెటిల్ అయిండు టీచర్" అన్నాడొకడు. "మా అక్కకు కొత్తకోట సంబంధం సెటిల్ అయింది." "మా చిన్నాయిన యాక్సిడెంట్ కేసు బయటనే సెటిల్ చేసుకుండు." "మా తాతకు కడుపుల గడబిడ అయితే సోడా తాగంగనే సెటిల్ అయింది." అందరం నవ్వాం. నేనూ నా వంతు చెప్పాను. బిందెలో మట్టి అడుగుకు చేరితే ఇంగ్లీషువాళ్లు ఈ మాటే అంటారు. ఎగిరిన దుమ్ము కిందికి దిగితే ఇదే మాట. పరాయి నేలకు వెళ్లి ఇల్లు కట్టుకుంటే ఇదే. కుర్చీలో ఒరిగి కూర్చున్నా ఇదే. ఈ అర్థాలన్నిటికీ తెలుగు మాటలు పక్కనే బోర్డు మీద రాసి, ఇంటి దగ్గర సెటిల్‌తో వాక్యాలు కట్టుకు రమ్మన్నాను.

గంట కొట్టాక బోర్డు తుడవబోయి ఆగిపోయాను. ఒక పక్క ఇంగ్లీషు, రెండో పక్క నేను రాసిన తెలుగు. పిట్ట వాలింది. దుమ్ము అణిగింది. మడ్డి పేరుకుంది. సంబంధం కుదిరింది. పంచాయితీ తెగింది. మనిషి ఒకచోట నిలదొక్కుకున్నాడు. మనకు ఒక్కోదానికి ఒక్కో మాట ఉంది నాయినా. ఏ మాట అన్నా అక్కడ ఏం జరిగిందో వినేవాడికి తెలిసిపోతుంది. సెటిల్ అయిందంటే మాత్రం ఏం జరిగిందో చెప్పే పని ఉండదు, అడిగే పని అంతకన్నా ఉండదు. ఆ మాటంటే నీకు ఎందుకంత ఇష్టమో నాకు అప్పుడు అర్థమైంది.

నేను పుట్టినప్పటి నుంచి మన అరుగు ఖాళీగా ఉండగా చూడలేదు. గట్టు జరిపారని ఒకరు, బోరు నీళ్లు ఆపారని ఒకరు, అల్లుడు కొట్టాడని ఇంకొకరు. "అనంతయ్య కూసుంటే సెటిల్ అయితది" అని మండలమంతా అనుకుంటుంటే నాకు ఎంత గర్వంగా ఉండేదో నీకు తెలుసు. అన్నం తింటూ నాకు కిటుకు కూడా చెప్పేవాడివి. "రెండు దిక్కుల ఇంత తప్పు పెట్టాలె బిడ్డా. మొత్తం ఒక్కని మీదనే పెడితే వాడు కోర్టుకు పోతడు. చెరి ఇంత పంచితే ఇద్దరు తలకాయ దించుకొని ఇంటికి పోతరు." దున్నపోతు పక్కవాడి చేనులో పడి మేస్తే, దున్నపోతును కట్టెయ్యనివాడిది సగం తప్పు, కంచె వెయ్యనివాడిది సగం తప్పు. మేసిన దున్నపోతుకు తప్ప అందరికీ తప్పు పంచేవాడివి. నేను పడి పడి నవ్వేదాన్ని.

బయన్నకు కూడా అలాగే పంచావు.

ఆ సంగతి నీకు తెలియనిదేం కాదు. కానీ మన ఇంట్లో నలుగురికీ తెలిసినదాన్ని నలుగురిలో ఒక్కరూ మొదటి నుంచి చివరి దాకా నోటితో అనలేదు. అందుకే రాస్తున్నాను. సెప్టెంబరులో రెండు రోజులు సెలవు దొరికి ఇంటికి వచ్చాను. మక్కచేను పాలకంకి మీద ఉంది. అడవిపందులు దిగి ఒక మూల అంతా తొక్కేశాయి. ఆ సాయంత్రం నువ్వు నా ముందరే గూడేనికి ఫోన్ చేశావు. "బయన్నా, ఇయ్యాల మా చేనుకాడ పండు. పందులు ఆగమాగం చేస్తున్నయ్." ఆయన సరేనన్నాడు. అమ్మ రెండు జొన్నరొట్టెలు, పల్లి తొక్కు స్టీలు డబ్బాలో పెట్టింది. ఆయన మన వాకిట్లోకి వచ్చి డబ్బా తీసుకుని, "నవనీతమ్మా, ఎప్పుడొస్తివి?" అని నన్ను పలకరించి పోయాడు. తమ్ముడు విజయ్ అప్పటికి ఇంట్లో లేడు. అచ్చంపేటలో ఎరువు బస్తాలు దింపించి వచ్చి, చీకట్లోనే పందుల కోసం చేను చుట్టూ కట్టిన తీగకు కరెంటు ఇచ్చి వచ్చి పడుకున్నాడు. కాపలాకు మనిషిని పెట్టానని నువ్వు వాడికి చెప్పలేదు. కరెంటు ఇచ్చానని వాడు నీకు చెప్పలేదు.

తెల్లవారి బయన్న ఆ తీగ పక్కన చచ్చి పడి ఉన్నాడు, నువ్వు ఊరిని పిలవడానికి ముందు ఆ తీగ చుట్టావు. నేను గట్టు మీద నిలబడి చూశాను. ఏడుస్తూనే చుట్టావు, అది కూడా చూశాను. అమ్మ డబ్బా ఇంటికి తెచ్చి కడిగి అరలో పెట్టింది. అందులో రొట్టె సగమే తిని ఉంది. అంతా అయ్యాక పెద్దమనుషులు వచ్చారు. నువ్వేమన్నావు? బయన్న మోటరు దగ్గర కేబుల్ కోసుకుపోవడానికి వచ్చాడు, షాక్ కొట్టింది అన్నావు. దొంగతనానికి రావడం అతని తప్పు, మోటరు డబ్బాకు తాళం వెయ్యకపోవడం మన తప్పు. చెరి ఇంత. ఆయన భార్య ఎంకమ్మ చేతిలో కవరు పెట్టించి వేలిముద్ర తీసుకున్నారు. స్టేషన్లోనూ నువ్వు చెప్పిందే రాసుకున్నారు. దొంగకు కూడా సాయం చేసిన మారాజని ఊరు నిన్ను మెచ్చుకుంది. నేను నోరు తెరవబోతే నా చెయ్యి పట్టుకుని, "సెటిల్ అయింది బిడ్డా, ఇగ కదిలియ్యకు" అన్నావు.

శుక్రవారం ఎంకమ్మ మా స్కూలు గేటు దగ్గరికి వచ్చింది. నేను వనపర్తిలో ఉన్నానని తప్ప ఆమెకు ఇంకేమీ తెలియదు. బస్టాండు నుంచి ఒక్కో బడి గేటులో నా పేరు చెప్పి అడుగుతూ వచ్చిందట. చాయ్ తాగమంటే తాగలేదు. "పైసలిచ్చిండ్రు, తీసుకున్న, తిన్న. అబద్ధమెందుకు? గానీ నా మొగడు ఏనాడు మోటరు ముట్టలే. స్టార్టర్ చప్పుడైతేనే దూరం జరుగుతుండె. ఇప్పుడు గూడెంల ఎవరింట్ల గంటె పోయినా మా గుడిసె దిక్కు చూస్తుండ్రు. మా మల్లీశ్వరి హాస్టల్ ఇడిసిపెట్టి వచ్చింది, దొంగ బిడ్డ అంటుండ్రట. పోయిన మనిషిని ఎట్ల తెస్తరు? ఆ మాటనన్న తీసెయ్యమను మీ నాయినను."

నేను ఏం జవాబు చెప్పాలి? సెటిల్ అయిందని చెప్పనా? నేను బోర్డు మీద రాసిన అర్థాల్లో ఏది ఆమెకు వర్తిస్తుందో నువ్వే చెప్పు. నాకు ఒక్కటే కనిపిస్తున్నది. మడ్డి పేరుకుంది. పైన నీళ్లు తేటగా ఉన్నాయి, అందరం ముంచుకుని తాగుతున్నాం.

జవాబు రాయి నాయినా. ఫోన్ చెయ్యకు.

నీ బిడ్డ,
నవనీత


వనపర్తి,
నవంబరు ఇరవై రెండు.

నాయినా,

నువ్వు జవాబు రాయలేదు. బదులుగా ఇంట్లో ఉన్నవాళ్లందరినీ ఒక్కొక్కరిగా పంపించావు. నువ్వు పంపలేదంటావు, సరే, నీకు తెలియకుండా వచ్చారనుకుంటాను.

మొదట అమ్మ ఫోన్ చేసింది. ఏడ్చింది. తరువాత తిట్టింది. "ఇంట్ల ఉన్న ఒక్క మొగపిల్లగాన్ని జేలుకు తోలి నువ్వు ఏ ముఖం పెట్టుకొని పెండ్లి పీటలెక్కుతవే?" అన్నది. ఆ రొట్టెలు నువ్వు పెట్టినవే కదమ్మా అంటే ఫోన్ పెట్టేసింది. అమ్మను అలా అన్నందుకు ఆ రోజంతా నా మనసు బాగాలేదు. కానీ అన్న మాట వెనక్కి తీసుకోను.

తరువాత విజయ్ బండి మీద వచ్చాడు. నేను ఉండే హాస్టల్ కింద టీ కొట్టు దగ్గర నిలబడి ముందు గట్టిగట్టిగా మాట్లాడాడు. "సదువుకున్నవని మస్తు పొగరైంది నీకు. మండలంల తీగ కట్టనోడు ఎవడున్నడు? ఒక్కన్ని చూపియ్యి. నా ఖర్మ గిట్ల కాలింది." తరువాత ఏడ్చాడు. "ఆయన ఉన్నడని నాకు తెల్వదక్కా. దేవుని తోడు తెల్వదు. నిద్ర పడుతలేదు." వాడికి తెలియదని నాకు తెలుసు. వాడు నా తమ్ముడు, చిన్నప్పుడు వాడి ముక్కు తుడిచింది నేను. ఇప్పుడు వాడి నిద్ర పోయిందంటే నాకూ పట్టడం లేదు. కానీ నాయినా, వాడి నిద్రకు మందు నువ్వు ఇవ్వలేదు. "సెటిల్ చేసిన, పండుకో" అన్నావు. వాడు పడుకోలేకపోతున్నాడు.

ఇక గద్వాల సంబంధం. రాఘవేందర్ మంచివాడే, కాదనను. మాట మెత్తన, సర్కారు ఉద్యోగం, నాకు వనపర్తిలోనే ఉద్యోగం చేసుకోమన్నాడు. ఆ రోజు మీరంతా తాంబూలాలు మార్చుకున్నాక నువ్వు వాళ్ల నాన్నతో అన్న మాట నేను లోపలి గదిలోంచి విన్నాను. "మా చేనుకాడ జర లొల్లి అయింది గానీ, అది సెటిల్ అయింది. ఇగ బిడ్డను కూడ సెటిల్ చేస్తే నా పని ఒడిసిపోతది." ఒకే ఊపిరిలో అన్నావు. ఒక శవాన్నీ నన్నూ ఒకే మాటతో సర్దేశావు. ఆ పూట నాకు కొత్త చీర కట్టి, జడలో పూలు పెట్టి కూర్చోబెట్టారు. పూలు తీసి అవతల పారెయ్యాలనిపించింది. పారెయ్యలేదు. నలుగురి ముందు నీ పరువు అనుకున్నాను. నీ పరువు కోసం నేను చేసిన ఆఖరి పని అదే.

పోయిన వారం రాఘవేందర్‌కు మొత్తం చెప్పాను. పెళ్లి చేసుకోబోయే మనిషికి చెప్పకుండా దాచడం నావల్ల కాలేదు. అంతా విని, "ఆ కేసు సెటిల్ అయిందన్నరు గదా, మళ్ల మనం ఎందుకు కెలుకుడు?" అన్నాడు. బయన్న ఎవరని అడగలేదు. ఆయనకు పిల్లలెందరని అడగలేదు. నాకు ఆయన మీద కోపం కూడా రాలేదు. నువ్వు ఏరికోరి నీలాంటివాడినే తెచ్చావు. ఇతనితో నా బతుకు ఎలా ఉంటుందో ముందే తెలిసిపోయింది. నేను ఏడిస్తే సర్దేస్తాడు, నాకు దెబ్బ తగిలితే సగం తప్పు నా మీద పెడతాడు. ఈ పెళ్లి నాకు వద్దు. వాళ్లకు నువ్వు చెప్పకపోతే నేనే చెబుతాను.

బడిలో పిల్లలు వాక్యాలు రాసుకొచ్చారు. దిద్దుతూ కూర్చున్నాను. అన్నీ సరిగ్గానే రాశారు, ఒక్కటీ తప్పు పెట్టడానికి లేదు. అన్ని ఇళ్లలోనూ ఏదో ఒకటి సెటిల్ అయి ఉంది.

ఇప్పుడు నా నిర్ణయం విను. నువ్వు పంచాయితీ ఆఫీసు ముందు ఎక్కడ నిలబడి బయన్నను దొంగ అన్నావో, అక్కడే, ఆ మనుషులందరి ముందు, ఎంకమ్మను కూర్చోబెట్టి, "బయన్న దొంగ కాదు, నేను పిలిస్తే మా చేనుకు కాపలా వచ్చాడు" అని చెప్పు. అంత చెప్పు చాలు. తీగ సంగతి, కరెంటు ఎవరిచ్చారన్న సంగతి నేను ఎత్తను. డిసెంబరు మొదటి ఆదివారం దాకా చూస్తాను. ఆలోపు కాకపోతే సోమవారం నేను ఎంకమ్మను వెంటబెట్టుకుని స్టేషన్‌కు పోతాను.

ఇది రాసి మళ్లీ చదువుకుంటే నాకే సిగ్గేసింది. నేనూ బేరమే పెడుతున్నాను. ఆయన పేరు ఇచ్చెయ్యి, మా తమ్ముణ్ని నాకు వదిలెయ్యి అంటున్నాను. నీ కడుపున పుట్టినదాన్ని, ఇంకెలా వస్తుంది?

నవనీత


డిసెంబరు పందొమ్మిది.

బిడ్డా నవనీతా,

నేను పదో తరగతి దాకా చదివినవాణ్ని. కాగితాలు చాలా రాయించాను గాని ఉత్తరం రాసి ఏండ్లు దాటింది. తప్పులుంటే నీ పిల్లలవి దిద్దినట్టు దిద్దుకో. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి నాకూ ఇదే దారి మిగిలింది.

నువ్వు పెట్టిన గడువులోనే నువ్వు చెప్పిన పని చేశాను. ఆదివారం పొద్దున పంచాయితీ ఆఫీసు ముందు అందరినీ కూర్చోబెట్టాను. ఎంకమ్మకు కబురు పంపితే మల్లీశ్వరిని తీసుకుని వచ్చింది. నేను లేచి నిలబడి, బయన్న దొంగ కాదని చెప్పాను. నేనే ఫోన్ చేసి కాపలాకు పిలిచానని చెప్పాను. కేబుల్ సంగతి నేను కల్పించిందని కూడా అన్నాను. నువ్వు అడిగినదాని కంటే ఒక మాట ఎక్కువే చెప్పాను.

తరువాత హన్మంతు లేచాడు. మన పాలివాడు, నాతోపాటు ఇరవై ఏండ్లుగా పంచాయితీల్లో కూర్చుంటున్న మనిషి. వాడికి కండ్లల్ల నీళ్లు తిరిగాయి. "సూసిండ్రా? సచ్చినోని పరువు కోసం, ఆ పిల్ల సదువు కోసం, నిందంత తన మీద ఏసుకుంటుండు. అనంతయ్య అంటే గిది" అన్నాడు. నేను కాదన్నాను. నిజమే చెబుతున్నానన్నాను. ఎంత కాదంటే అంత తలలూపారు. నేను ఎప్పుడూ చేసే పనే చేస్తున్నాననుకున్నారు బిడ్డా. రెండు వైపులా తప్పు పంచుతున్నానని, ఈసారి మన వైపు జర ఎక్కువ పెట్టుకున్నానని. చప్పట్లు కొట్టారు. ఒక పిలగాడు ఫోన్లో తీసి ఊరి గ్రూపులో పెట్టాడు.

నీకు అబద్ధం రాయను. ఆ ఘడియ నాకు సుఖంగానే ఉంది. నీ షరతు తీరింది, కొడుకు మిగిలాడు, నా పేరు ఇంకొంచెం పెరిగింది. ఇంత బాగా నేను ఏ పంచాయితీ తెంపలేదు.

అప్పుడు ఎంకమ్మ లేచింది. నా మొకంలోకి చూసి చెప్పింది. "ఇప్పుడు నువ్వు దేవునివైతివి పటేలా. నా మొగడు దొంగనే ఉన్నడు." అంతే అని పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. పాపం తెలివిలేనిది, చేసిన మేలు తెలియదు అని ఎవరో అన్నారు. నేను ఆఫీసు మెట్ల మీద అట్లనే కూర్చున్నాను. హన్మంతు చాయ్ తెప్పించి ఇచ్చాడు, తాగబుద్ధి కాలేదు.

ఇన్నేండ్లలో నా దగ్గరికి వచ్చినవాళ్లు నేను నిజం చెబుతానని రాలేదు, ఇద్దరినీ ఇంటికి పంపుతానని వచ్చారు. నాకది ఆ రోజు తెలిసింది. నా నోట్లోంచి ఏది వచ్చినా అది తీర్పే గాని జరిగిన సంగతి కాదు. బయన్న ఎట్ల చచ్చిపోయాడో మొత్తం చెబితే తప్ప ఆయన దొంగ కాడని ఎవరూ నమ్మరు. మొత్తం చెబితే నా కొడుకు పోతాడు. రెండు దినాలు ఎన్ని తీర్లుగా చూసినా మధ్యదారి దొరకలేదు.

మూడో రోజు, దాచిపెట్టిన తీగ బయటికి తీశాను. విజయ్‌ని లేపి, స్టేషన్‌కు పోదాం రమ్మన్నాను. వాడు మంచం మీదే లేచి కూర్చున్నాడు. "గింతమందికి సెటిల్ చేసినవు గదా నాయినా, నాకొక్కనికి చెయ్యలేవా?" అన్నాడు. చెయ్యలేను బిడ్డా అన్నాను. వాడు లేచి అంగీ తొడుక్కున్నాడు. నేను తిట్టలేదు, గుంజుకుపోలేదు, వాడే బండి తీశాడు. దారంతా నన్ను వెనకాల కూర్చోబెట్టుకుని చిన్నగా నడిపాడు. గుంతలు వచ్చినచోట ఇంకా చిన్నగా పోనిచ్చాడు. అది తలుచుకుంటేనే నాకు పానం పోయినట్టయితది.

అంతా చెప్పాం. తీగ ఇచ్చాం. నా మీద, వాడి మీద కేసు రాశారు. నాకు బెయిల్ దొరికింది. వాడికి ఇంకా దొరకలేదు. వకీలు తిరుగుతున్నాడు. మీ అమ్మ నాకు అన్నం పెడుతున్నది గాని నాతో మాట్లాడటం లేదు. గద్వాల వాళ్లు మధ్యవర్తితో వద్దని కబురు పంపారు. నీకు బాధ లేదని తెలుసు, నాకు ఉంది. మన అరుగు ఖాళీగా ఉంది. నిన్న గట్టు తగాదా వాళ్లు నా ముందు నుంచే హన్మంతు ఇంటికి పోయారు. నువ్వు సంతోషిస్తావని ఇవన్నీ రాయడం లేదు. నీ మీద నాకు కోపం ఉంది. చాలా రోజులు ఉంటది కూడా. నువ్వు అన్నది న్యాయమే, అయినా కోపం ఉంది.

ఇంకొకటి రాయాలి. మొన్న పొద్దున ఎంకమ్మ వచ్చింది. నేను అరుగు మీద ఉన్నాను. పైకి రమ్మంటే రాలేదు, వాకిట్లోనే నిలబడింది. "ఆయనను నువ్వే పిలిస్తివని రాసుకున్నరా?" అని అడిగింది. రాసుకున్నారన్నాను. స్టేషన్ వాళ్లు ఇచ్చిన నకలు లోపల ఉంటే తెచ్చాను. "నాకు రాదు, సదువు" అన్నది. చదివాను. అనంతయ్య అనే నేను ఫోన్ చేసి పిలవగా, నా మక్కచేనుకు కాపలా ఉండటానికి బయన్న వచ్చినాడు, అతను దొంగతనానికి రాలేదు, మేము పెట్టిన కరెంటు తీగ తగిలి చనిపోయినాడు. అంతవరకు చదివి ఆపాను.

"గట్ల లోపల లోపల సదివితే ఎవలికి ఇనబడతది? జర గట్టిగ సదువు" అన్నది.

లేచి నిలబడి గట్టిగా చదివాను. ఎదురింటి వాళ్లు బయటికి వచ్చారు. బోరింగు దగ్గర ఆడవాళ్లు బిందెలు పెట్టి చూస్తున్నారు. హన్మంతు తన గడపలోకి వచ్చి నిలబడ్డాడు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఇంకోసారి" అన్నది. చదివాను.

మీ నాయిన,
అనంతయ్య